ఊళ్లు మారిన మాస్టారు

కొత్త బడిలో మొదటి రోజు పక్క బెంచీ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మీది ఏ ఊరు? నాన్నగారికో అమ్మగారికో బదిలీల ఉద్యోగం ఉన్న మనకు దీనికి వెంటనే జవాబు దొరకదు. పుట్టింది ఒక ఊరు, పలకా బలపం పట్టింది ఇంకో ఊరు, తాతయ్య వాళ్లు ఉండేది మరో ఊరు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, తరగతిలో మరో భాష.

ఇప్పుడు మీరు చదవబోయే కథలోని మనిషిని ఈ ప్రశ్న అడిగితే మనకన్నా ఎక్కువ తడబడేవారు. ఆయన గ్రీసులో పుట్టారు, ఐర్లండులో పెరిగారు, ఇంగ్లండులో చదివారు, అమెరికాలో పత్రికల్లో పనిచేశారు. చివరికి జపాన్‌లో ఇంగ్లీషు మాస్టారయ్యారు. ఆయన పేరు లాఫ్కాడియో హెర్న్. జపాన్ పిల్లలకు మాత్రం ఆయన కొయిజుమి యకుమో. ఒకే మనిషికి ఈ రెండు పేర్లు ఎలా వచ్చాయో తెలుసుకుందాం.

గ్రీసు దేశానికి పడమట సముద్రంలో లెఫ్కాడా అనే దీవి ఉంది. ఆ రోజుల్లో అది బ్రిటిష్ వాళ్ల అదుపులో ఉండేది. అక్కడ 1850 జూన్ 27న ఒక మగపిల్లవాడు పుట్టాడు. తండ్రి చార్లెస్ హెర్న్ ఐర్లండు వాడు, బ్రిటిష్ సైన్యంలో డాక్టరు. తల్లి రోజా గ్రీకు స్త్రీ, కిథిరా అనే మరో దీవి ఆమెది. దీవి పేరు మీదుగానే పిల్లవాడికి లాఫ్కాడియో అని పేరు పెట్టారు.

తండ్రిది బదిలీల ఉద్యోగమే. ఆయనను వెస్టిండీసు దీవులకు పంపారు. 1852లో తల్లీ కొడుకులు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి, అత్తవారింటికి చేరారు. ఆ ఇంట్లో అందరిదీ ఇంగ్లీషు. రోజాకు ఆ భాష రాదు. వాళ్ల చర్చి వేరు, ఈమె చర్చి వేరు. వెచ్చటి దీవిలో పెరిగిన ఆమెకు డబ్లిన్ చలి, ముసురు పడలేదు. మనసు విప్పి మాట్లాడుకోవడానికి పసివాడు తప్ప ఎవరూ లేరు. 1854లో ఆమె గ్రీసుకు తిరిగి వెళ్లిపోయింది. అప్పటికి లాఫ్కాడియోకు నాలుగేళ్లు. మళ్లీ ఎన్నడూ తల్లిని చూడలేదు. ఆమె దగ్గర నేర్చుకున్న మాటలు కూడా కొన్నాళ్లకు మరిచిపోయాడు.

తండ్రి ఆ పెళ్లిని చట్టప్రకారం రద్దు చేయించుకుని వేరొకరిని పెళ్లాడాడు. 1857లో కొత్త భార్యతో మన దేశానికి వచ్చాడు. ఎక్కడికో తెలుసా? మన సికింద్రాబాదుకే. అక్కడ వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు కలిగారు. కొడుకు మాత్రం డబ్లిన్‌లోనే ఉండిపోయాడు. ఒకసారి తండ్రి ఇండియా నుంచి అతనికి ఉత్తరం రాశాడు. చిన్నపిల్లవాడు తేలిగ్గా చదువుకోవాలని అచ్చు అక్షరాల్లా విడివిడిగా రాశాడు. అందులో పాముల గురించి, పులుల గురించి, ఏనుగుల గురించి ఉంది. ఎన్నో ఏళ్ల తరువాత కూడా హెర్న్ ఆ ఉత్తరాన్ని గుర్తుచేసుకున్నారు. తండ్రిని మాత్రం ఆయన మళ్లీ చూడలేదు. 1866లో ఓడ ప్రయాణంలో, సూయజ్ సింధుశాఖ దగ్గర, మలేరియాతో చార్లెస్ చనిపోయాడు.

లాఫ్కాడియోను నానమ్మ తోబుట్టువు సారా బ్రెనేన్ పెంచింది. ఆమె డబ్బున్న మనిషి, కానీ కట్టుదిట్టం ఎక్కువ. పిల్లవాడికి దయ్యాలంటే వణుకు. ఆ భయం పోగొట్టాలని రాత్రిపూట దీపం లేకుండా గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తలుపు వేసేవారు. భయం పోలేదు సరికదా, చీకట్లో కనిపించేవాటికి లెక్కే లేకుండా పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథ చివర మళ్లీ వస్తుంది.

తరువాత ఇంగ్లండులోని డరమ్ దగ్గర ఒక హాస్టల్ బడిలో చేర్పించారు. అక్కడ పదహారో ఏట ఆటస్థలంలో దెబ్బ తగిలి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. ఆ కంటిపై తెల్లటి పొర కమ్మింది. మిగిలిన కుడి కంటికి చూపు చాలా తక్కువ. అప్పటినుంచి జీవితాంతం ఫొటో తీసేటప్పుడు ఎడమవైపు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకునేవాడు. తన రూపం చూసి జనం అసహ్యించుకుంటారని అతని అనుమానం. ఆ తరువాత బ్రెనేన్ ఆస్తి కూడా కరిగిపోయింది. చదువు ఆగింది. 1869లో, పంతొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి టికెట్ కొనిచ్చి అమెరికాకు పంపించేశారు.

సిన్సినాటి నగరంలో దిగేసరికి జేబు ఖాళీ. హెన్రీ వాట్కిన్ అనే అచ్చాపీసు యజమాని జాలిపడి చోటిచ్చాడు. కాగితం ముక్కల కుప్పే పరుపు. అక్కడ అచ్చుపని నేర్చుకుని, మెల్లగా రాయడం మొదలుపెట్టి, 1872 నుంచి పత్రికల్లో విలేకరి అయ్యాడు. నగరంలో ఎవరూ పట్టించుకోని పేదల వాడల్లో తిరిగి వాళ్ల పాటలు, పనులు, బాధలు రాశాడు. 1874లో అలీథియా ఫోలీ అనే నల్లజాతి స్త్రీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఒకప్పుడు బానిసగా బతికిన మనిషి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లాడకూడదని అప్పట్లో ఆ రాష్ట్రంలో చట్టం ఉండేది. ఆ కారణంగా అతని ఉద్యోగం పోయింది. ఆ పెళ్లి కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

1877లో దక్షిణాన ఉన్న న్యూ ఆర్లియన్స్‌కు వెళ్లి పదేళ్లు గడిపాడు. అక్కడి క్రియోల్ జనం సామెతలు పోగుచేసి 1885లో ఒక పుస్తకం వేశాడు. అదే ఏడాది వాళ్ల వంటల మీద ఇంకో పుస్తకం వచ్చింది. తరువాత మార్టినీక్ దీవిలో రెండేళ్లు ఉన్నాడు. ఎక్కడికి వెళ్లినా అతని పద్ధతి ఒక్కటే. పెద్దవాళ్ల బంగళాల వైపు పోకుండా వంటింట్లో, బజారులో, రేవులో వినిపించే మాటలకు చెవి ఒగ్గేవాడు. చూపు తక్కువైన మనిషికి చెవులే ఆస్తి అనిపిస్తుంది.

1890 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ పత్రికకు వ్యాసాలు రాసిచ్చే ఒప్పందం మీద హెర్న్ జపాన్‌లో దిగారు. కొద్ది రోజుల్లోనే ఆ పత్రికతో గొడవ పడి ఒప్పందం తెంచుకున్నారు. వయసు నలభైకి దగ్గర. తెలియని దేశం, రాని భాష, చేతిలో డబ్బు లేదు. అప్పుడు టోక్యోలోని బేసిల్ హాల్ చాంబర్లేన్ అనే ప్రొఫెసరు సాయంతో ఒక ఉద్యోగం దొరికింది. మత్సుయే అనే చిన్న పట్టణంలో ఇంగ్లీషు మాస్టారు పని. జీతం నెలకు 100 యెన్‌లు.

అప్పటి జపాన్ గురించి రెండు మాటలు చెప్పాలి. అది రెండు వందల ఏళ్లకు పైగా విదేశీయులకు తలుపులు దాదాపు మూసుకుని ఉన్న దేశం. 1868 తరువాత కొత్త ప్రభుత్వం రైళ్లు, కర్మాగారాలు, కొత్త చదువులు కావాలనుకుంది. వాటికి సంబంధించిన పుస్తకాలు చాలావరకు పరాయి భాషల్లో ఉన్నాయి. అందుకే ఊరూరా ఇంగ్లీషు నేర్పించడం మొదలుపెట్టింది. విదేశాల నుంచి ఉపాధ్యాయులను పిలిపించింది. అలా ఇంగ్లీషు చెప్పే పని దొరికిన విదేశీయుల్లో హెర్న్ ఒకరు.

మత్సుయే ఒక పెద్ద సరస్సు ఒడ్డున, పాత కోట నీడలో ఉన్న పట్టణం. ఆగస్టు చివర హెర్న్ అక్కడికి చేరారు. బడిలో పాఠం చెప్పిన అనుభవం ఆయనకు లేదు. ఆ పిల్లలు మాట్లాడే భాష ఆయనకు రాదు, ఆయన భాష వాళ్లకు అంతంతమాత్రం. నిషిదా సెంతారో అనే ఉపాధ్యాయుడు పక్కన నిలబడి తరగతులు ఎక్కడో, ఏ పుస్తకం ఎవరికో, ఎవరిని ఎలా పలకరించాలో అన్నీ చెప్పారు. ఆయన ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి. చివరిదాకా హెర్న్‌కు ఆప్తుడిగా ఉన్నారు. కొత్త చోట మొదటి రోజు దారి చూపిన స్నేహితుడి విలువ మనకు వేరే చెప్పక్కర్లేదు.

హెర్న్ మాస్టారు పిల్లల చేత ఇంగ్లీషులో వ్యాసాలు రాయించేవారు. చందమామ మీద రాయమన్నారు, వాళ్లకు తెలిసిన పువ్వుల మీద, వాళ్లు నమ్మే విషయాల మీద రాయమన్నారు. తప్పులు దిద్దేవారు, అది ఉద్యోగం. దానితో పాటు మరో పని కూడా చేశారు. ఆ వ్యాసాల్లో పిల్లలు ఏం చెబుతున్నారో శ్రద్ధగా చదివారు. క్రియాపదం తప్పుగా ఉన్న వాక్యంలో కూడా తనకు తెలియని ఆలోచన ఉండవచ్చని ఆయన గ్రహించారు. సందేహాలు ఉంటే పిల్లలు సాయంత్రం ఇంటికి వచ్చేవారు. ఆయన ఇంగ్లీషు సంగతులు చెప్పేవారు, వాళ్లు తమ ఊరి గుడుల గురించి, పండుగల గురించి చెప్పేవారు. ఎవరు ఎవరికి మాస్టారో చెప్పడం కష్టం.

1891లో హెర్న్ కొయిజుమి సెత్సు అనే ఆమెను పెళ్లాడారు. ఆమెది సమురాయ్ కుటుంబం. కొత్త ప్రభుత్వం వచ్చాక సమురాయ్‌ల హోదా, ఆదాయం పోయాయి. సెత్సు బట్టలు నేసి ఇంటివాళ్లను పోషించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు జపనీస్ సరిగా రాదు. అందుకని ఇద్దరూ కలిసి ఒక ఇంటి భాష తయారుచేసుకున్నారు. మాటలు జపనీస్‌వే, వ్యాకరణం మాత్రం వాళ్లకు తోచినది. బయటివాళ్లకు అర్థం కాని ఆ భాషకు ఇంట్లో హెర్న్‌గారి మాటలు అని పేరు. ఇంగ్లీషు మాటలను జపాన్ లిపిలో రాసుకుంటూ సెత్సు ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకుంది. చిన్నప్పుడు డబ్లిన్ ఇంట్లో తన తల్లి భాష రాక ఒంటరిగా మిగిలిపోయింది. తన సొంత ఇంట్లో మాత్రం హెర్న్ అలా జరగనివ్వలేదు.

మత్సుయే చలి ఆయన ఆరోగ్యానికి పడలేదు. భార్య తరఫు వాళ్లను కూడా పోషించాలి. కుమమోతో నగరంలో రెట్టింపు జీతం వస్తుందంటే 1891 నవంబరులో బయలుదేరారు. మత్సుయేలో ఉన్నది ఏడాదీ మూడు నెలలే. అయినా వెళ్లేటప్పుడు విద్యార్థులు ఆయనకు ఒక కత్తి బహూకరించారు. జపాన్‌లో అది చాలా పెద్ద గౌరవం. దాదాపు 200 మంది విద్యార్థులు ఇంటి దగ్గరికి వచ్చి, పడవ రేవు దాకా వెంట నడిచి సాగనంపారు.

కుమమోతోలో విద్యార్థులు వయసులో పెద్దవాళ్లు, ముభావంగా ఉండేవారు. మత్సుయే పిల్లల్లా ఇంటికి వచ్చేవారు కారు. వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని హెర్న్ ఒకసారి వ్యాసానికి ఒక ప్రశ్న ఇచ్చారు. మనిషికి అన్నిటికన్నా ఎక్కువ కాలం గుర్తుండేది ఏది? ఒక విద్యార్థి తన నాలుగో ఏట తల్లి చనిపోయిన రోజు గురించి రాశాడు. అది చలికాలం, చెట్లకు ఆకులు లేవు, గాలి హోరుమంటోంది. మంచం మీదున్న తల్లికి అతడు ఒక తియ్యటి నారింజ పండు ఇచ్చాడు. ఆమె నవ్వి, తీసుకుని రుచి చూసింది. తల్లి నవ్వగా చూడటం అదే ఆఖరు. పదహారేళ్లు దాటినా ఆ క్షణం తన కళ్ల ముందే ఉందని రాశాడు.

ఆ వ్యాసం దిద్దుతున్న మాస్టారు కూడా నాలుగేళ్ల వయసులోనే తల్లికి దూరమైన మనిషి. ఆ కుర్రవాడికి ఈ సంగతి తెలిసి ఉండదు. హెర్న్ ఆ వ్యాసాన్ని దాచుకుని, తరువాత తన పుస్తకంలో చేర్చారు. నేర్చుకున్న భాషలో, అరకొర మాటలతో, ఒక విద్యార్థి తన గుండెలో ఉన్నది చెప్పగలిగాడు. ఇంగ్లీషు మాస్టారికి అంతకన్నా పెద్ద జీతం ఏముంటుంది?

1893లో పెద్దకొడుకు కజువో పుట్టాడు. మరుసటి ఏడాది హెర్న్ కోబె నగరంలో ఒక ఇంగ్లీషు పత్రికలో చేరారు. కానీ ఉన్న ఒక్క కన్నూ అలసిపోయి ఆ పని మానుకోవలసి వచ్చింది. అప్పుడు ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. తాను విదేశీయుడు. తనకేమైనా అయితే భార్యకు, కొడుకుకు ఆస్తి చెందుతుందో లేదో చెప్పలేని పరిస్థితి. ఐర్లండు ఇంట్లో తన తల్లికి ఏ హక్కూ నిలవకపోవడం ఆయన జీవితానుభవం. అందుకని 1896లో జపాన్ పౌరసత్వం తీసుకుని భార్య ఇంటిపేరు పెట్టుకున్నారు. అలా కొయిజుమి యకుమో అయ్యారు. యకుమో అంటే ఎనిమిది మబ్బులు. మత్సుయే ఉన్న ఇజుమో ప్రాంతాన్ని గురించిన ప్రాచీన పద్యంలోని మాట అది. తొలి పేరు పుట్టిన దీవిది. కొత్త పేరు తాను మొదటిసారి మాస్టారు అనిపించుకున్న సీమది.

అదే ఏడాది టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి చేరారు. ఆయన పాఠం చెప్పే తీరు తేలిక. ముందుగా రాసుకున్న కాగితాలు చదివేవారు కాదు. చిన్న చిన్న మాటలతో, ప్రతి ఒక్కరూ రాసుకోగలిగినంత నెమ్మదిగా మాట్లాడేవారు. ఇంగ్లండును ఎన్నడూ చూడని విద్యార్థులకు ఆ పద్యాల్లోని ఆచారాలు, చర్చి కథలు తెలియవు. అందుకని ముందు ఆ పద్యంలోని భావమేదో, అది ఎవరికైనా కలిగేదే ఎలా అయిందో చెప్పి, ఆ తరువాత మాటల అర్థంలోకి వెళ్లేవారు. విద్యార్థులు ఎంత జాగ్రత్తగా రాసుకున్నారంటే, ఆయన పోయిన పదకొండేళ్లకు, 1915లో, ఆ నోటుపుస్తకాల ఆధారంగా అమెరికాలో ఆయన పాఠాలు పుస్తకాలుగా వచ్చాయి.

1903లో విశ్వవిద్యాలయం ఆయనను తీసేసింది. విదేశీయుల స్థానంలో జపాన్ అధ్యాపకులను నియమించాలన్నది అప్పటి ఆలోచన. విద్యార్థులు ఒప్పుకోలేదు, ఆందోళన చేశారు. ఆయన స్థానంలోకి వచ్చినవారిలో నత్సుమె సోసెకి ఒకరు. ఈయన తరువాత జపాన్‌లో గొప్ప నవలాకారుడయ్యారు. జపాన్ పౌరుడై, జపాన్ పేరు పెట్టుకుని కూడా హెర్న్ కొందరి లెక్కలో విదేశీయుడిగానే మిగిలారు. ఆ దెబ్బ ఆయనకు గట్టిగానే తగిలింది. మరుసటి ఏడాది వసేదా విశ్వవిద్యాలయం ఆయనకు ఉద్యోగం ఇచ్చింది.

ఆయనలో లోపాలు లేవని కాదు. కోపం ఎక్కువ. తనకు ఉద్యోగం ఇప్పించిన చాంబర్లేన్‌తో కూడా స్నేహం చెడగొట్టుకున్నారు. పద్నాలుగేళ్లు ఉన్నా జపనీస్ పత్రిక చదివేంతగా ఆ భాష నేర్చుకోలేకపోయారు. అయినా ఆ లోటును పూడ్చే దారి ఒకటి ఇంట్లోనే దొరికింది. సెత్సు పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి పాత కథలు చదువుకునేది. రాత్రి దీపం వత్తి తగ్గించి ఆయనకు చెప్పేది. పుస్తకం చూసి చదవవద్దు, నీ సొంత మాటల్లో చెప్పు అని ఆయన పట్టుబట్టేవారు. దయ్యాల కథ వస్తే ఊపిరి బిగబట్టి వినేవారు. చిన్నప్పుడు చీకటి గదిలో ఒంటరిగా వణికిన పిల్లవాడికి, ఇప్పుడు అదే చీకట్లో పక్కన కూర్చుని కథ చెప్పే మనిషి దొరికింది. అలా విన్న కథలను ఇంగ్లీషులో రాసి 1904లో ఒక పుస్తకంగా తెచ్చారు. దాని పేరు క్వైదాన్. చెవులు పోగొట్టుకున్న అంధ గాయకుడు హోయిచి కథ, మంచు స్త్రీ కథ అందులోవే.

కొడుకు కజువోకు ఇంగ్లీషు ఆయనే ఇంట్లో నేర్పారు. పాత ఇంగ్లీషు పత్రికల కాగితాల మీద కుంచెతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి చదివించేవారు. సికింద్రాబాదు నుంచి వచ్చిన అచ్చు అక్షరాల ఉత్తరం ఆయనకు గుర్తు వచ్చేదో ఏమో. ఆ తండ్రి నుంచి కొడుక్కి మిగిలింది దూరం నుంచి వచ్చిన అక్షరాలే. ఈ తండ్రి పక్కనే కూర్చుని నేర్పాడు.

1904 సెప్టెంబరు 26న టోక్యోలో గుండెజబ్బుతో ఆయన కన్నుమూశారు. వయసు 54. నగరంలోని జోషిగయా శ్మశానంలో సమాధి ఉంది. మత్సుయేలో ఆయన ఉన్న ఇంటిని, తోటను ఇప్పటికీ కాపాడుతున్నారు. పక్కనే మ్యూజియం కూడా ఉంది. అందులో ఆయన రాసుకునే బల్ల చాలా ఎత్తుగా ఉంటుంది. కాగితం కంటికి దగ్గరగా రావాలని అలా చేయించుకున్నారు. పుట్టిన లెఫ్కాడా దీవిలో కూడా 2014లో ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల తెరిచారు. సెత్సు జపనీస్‌లో చెప్పగా ఆయన ఇంగ్లీషులో రాసిన కథలను ఇప్పుడు జపాన్ పిల్లలు మళ్లీ జపనీస్‌లో చదువుకుంటున్నారు.

మిత్రులారా, వచ్చే ఏడాది మనలో కొందరి చేతికి మళ్లీ టీసీ వస్తుంది. సామాను కట్టేటప్పుడు కొన్ని వస్తువులు వదిలేయక తప్పదు. కొత్త ఊళ్లో భాష రాదని మూలన కూర్చోకుండా, అక్కడి నేస్తాన్ని ఒక కథ చెప్పమని అడుగుదాం. మనకు తెలిసిన కథ ఒకటి మన భాషలోంచి తీసి వాళ్లకు చెబుదాం. మాటలు తప్పుగా వచ్చినా ఫర్వాలేదు, హెర్న్ మాస్టారి ఇంట్లో కూడా తప్పుల భాషే నడిచింది. ఇక మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే, లెక్కపెట్టుకుని అన్ని ఊళ్ల పేర్లూ చెబుదాం.